పొట్లం కట్టుకుపోయిన జవాబు

మా పెద్ద బిడ్డకు జపాన్ బొమ్మల కథలంటే పిచ్చి. జుంజి ఇటో అనే ఆయన గీసిన 'ఉజుమకి' తన తలగడ పక్కనే ఉంటుంది. సుడి అనే ఒక ఆకారం ఊరు మొత్తాన్నీ పట్టుకుని పిచ్చెక్కించే ఖౌఫ్‌నాక్ ఖిస్సా అది. 2024లో దాన్ని నాలుగు భాగాల టీవీ సిరీస్‌గా తీశారు, పుస్తకంలో లాగే నలుపూ తెలుపూ. మొదటి భాగం చూసిన రాత్రి తను అన్నం సంగతి మరిచిపోయింది. తర్వాతి భాగాలకు వచ్చేసరికి బొమ్మల పని పలచబడిపోయింది. నాలుగోది అయ్యాక ఫోన్ మంచం మీద పడేసి, "అబ్బూ, పుస్తకంలో పేజీ తిప్పాలంటే నా చెయ్యి వణికేది. ఇక్కడ వాళ్లే తిప్పేసుకుంటూ పోతున్నారు" అంది.

భయం గురించి ఇంత సాఫ్‌గా చెప్పినవాళ్లను నేను చూడలేదు. పేజీ ఎవరి చేతిలో ఉంది? అసలు సవాల్ అదే. నా జమానాలో నాకూ ఒక ఖౌఫ్ ఉండేది. దాని మీదా టీవీ వచ్చి పడింది. ఆ ఖౌఫ్ పేరు బేతాళుడు.

మాది దమ్మపేట. ఇప్పుడు వచ్చి చూస్తే రోడ్డుకు రెండు వైపులా ఆయిల్ పామ్ తోటలే. నా చిన్నప్పుడు ఇన్ని లేవు. జీడిమామిడి, మామిడి, చింత, అవి దాటితే అడవి. అప్పుడు మాది ఖమ్మం జిల్లాయే. భద్రాద్రి కొత్తగూడెం అన్న పేరు 2016లో వచ్చింది. అబ్బాకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. సంత రోజున చుట్టుపక్కల కోయగూడేల జనం వచ్చి ఉప్పు, మిర్చి, బెల్లం కొనుక్కుపోయేవాళ్లు. ప్లాస్టిక్ కవర్లు ఇంకా రాలేదు. అన్నిటికీ కాగితం పొట్లాలే. అబ్బా రద్దీ కాగితం కిలోల లెక్కన కొనేవాడు. పాత దినపత్రికలు, పరీక్షల జవాబు పత్రాలు, వారపత్రికలు, వాటి మధ్యలో చందమామలు.

నేను ఖమ్మంలో మామూ ఇంట్లో ఉండి ఉర్దూ మీడియం చదివేవాణ్ణి. సెలవులకు ఊరొస్తే దుకాణంలో నా డ్యూటీ రద్దీ చింపడం. కాగితాన్ని మడిచి, మడత మీద గోరు గీసి, సాపుగా చింపి, సైజుల వారీగా పేర్చాలి. అక్కడ దొరికాడు నాకు బేతాళుడు. మా బడికి ఢిల్లీ నుంచి 'ఖిలౌనా' అనే ఉర్దూ పిల్లల పత్రిక పాత కాపీలు ఎక్కడినుంచో వచ్చేవి. అవీ చదివేవాణ్ణి. అందులో జిన్నాతులూ పరీలూ ఉండేవి గానీ, శవాన్ని భుజాన వేసుకుని నడిచే బాద్షా లేడు.

శంకర్ గీసిన ఆ బొమ్మ మీ అందరికీ యాదుంటుంది. రాజు ఒరలోంచి తీసిన కత్తితో నడుస్తుంటాడు. భుజం మీద శవం. కాళ్ల దగ్గర పుర్రెలు, పాములు. చుట్టూ చెట్లు చేతులు చాచినట్టుంటాయి. మిగతా పిల్లలకు ఆ బొమ్మలో ఏది భయమేసేదో నాకు తెలియదు. నాకు మాత్రం భుజం. మన ఇళ్లల్లో మయ్యత్ అయితే జనాజాకు కంధా ఇవ్వడానికి నలుగురూ ఎగబడతారు. నాలుగడుగులు వెయ్యకముందే వెనకవాడు వచ్చి నీ భుజం కింద తన భుజం పెడతాడు. అది సవాబ్ పని, ఎవరూ వదులుకోరు. బరువు ఒక్కడి మీద ఎప్పుడూ ఉండదు. ఈ రాజు వెంట ఎవరూ లేరు. మిగతా ముగ్గురూ ఏరి? దాదీమాను అదే అడిగాను.

దాదీమా బొమ్మను దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. తెలుగు అక్షరం ఆమెకు రాదు. "హౌ రే, యే తో బైతాల్ పచ్చీసీ" అంది. వాళ్ల నానాజాన్ ఆ కితాబ్ పెద్దగా చదివి వినిపించేవారట. నేనేమో ఇది తెలుగువాళ్ల దయ్యం, చందమామలో పుట్టింది అనుకుని ఉన్నా. దాదీమా దృష్టిలో అది మా ఇంటి పాత ఖిస్సా, ఎవరో తెలుగులోకి తీసుకుపోయి బొమ్మ వేశారు. ఇద్దరిలో ఎవరు రైటు అన్నది తర్వాత చెప్తా.

కథ ప్రతినెలా ఒకే రకంగా మొదలయ్యేది. రాజు చెట్టు దగ్గరికి మళ్లీ వస్తాడు, శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు, నోరు మెదపకుండా శ్మశానం దారి పడతాడు. శవంలోని బేతాళుడు ఒక కథ చెప్పి, చివర్లో ఒక సవాల్ వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే ఖామోషీ పోయి బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. నా తెలుగు అప్పటికి ముక్కలు ముక్కలు. 'మౌనభంగం' అన్న మాట దగ్గర ఆగిపోయేవాణ్ణి. మౌనం అంటే ఖామోషీ అని ఎవరో చెప్పారు. భంగం ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఖామోషీకి ఏదో అయిందని మాత్రం అర్థమయ్యేది. ఏమయిందో తెలియకపోవడమే సగం భయం.

మిగతా సగం భయం అబ్బా దుకాణం వల్ల వచ్చింది. రద్దీలో వచ్చిన చందమామల్లో పేజీలు పూర్తిగా ఉండేవి కావు. నాకంటే ముందు ఎవరి చేతికి దొరికితే వాళ్లు చింపేసేవాళ్లు. ఎక్కువసార్లు పోయేది కథ ఆఖరి పేజీ. బేతాళుడు సవాల్ వేసేవాడు, అక్కడితో కాగితం అయిపోయేది. రాజు జవాబు ఏ గూడెంలో ఎవరి ఇంటికి మిర్చి పొట్లంగా పోయిందో! సవాల్ మాత్రం నాతో ఉండిపోయేది. రాత్రి పడుకుని ఆలోచించేవాణ్ణి. జవాబు నాకు తెలిసినట్టా, తెలియనట్టా? తెలిసీ చెప్పకుండా ఉన్నట్టయితే? తల మీద చెయ్యి పెట్టుకుని పడుకునేవాణ్ణి. దాదీమా ఆయతుల్ కుర్సీ చదివి నా మీద దమ్ చేసి, "అక్కడ ముర్దా అడుగుతాడు, జిందా జవాబ్ ఇవ్వాలి. మనలో ఉల్టా బేటా. ఖబర్‌లో మున్కర్ నకీర్ వచ్చి ముర్దానే అడుగుతారు" అనేది. నన్ను ధైర్యపరచడానికే అనేది పాపం. నాకు రెండు భయాలు అయ్యేవి.

ఒక రాత్రి ఆమే తన బైతాల్ పచ్చీసీలోంచి ఒకటి చెప్పింది. పెళ్లయిన ఒకడు దేవి గుడికి పోయి, మొక్కు ప్రకారం తన తల తనే నరుక్కుంటాడు. వెంట వచ్చిన దోస్తు అది చూసి తనూ అదే పని చేస్తాడు. భార్య వచ్చి చావబోతే దేవి ఆపి, తలలు మొండేలకు ఆనించు, బతికిస్తానంటుంది. ఆ పిల్ల ఖంగారులో తలలు మార్చి పెడుతుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు ఆమె మొగుడు ఎవరు? దాదీమా అక్కడ ఆపి తమలపాకుకు సున్నం రాసుకుంటూ కూర్చుంది. అమ్మీ, "నిఖా ఖుబూల్ చేసిన నోరు ఎవరిదో వాడు" అంది. అబ్బా చాలాసేపు ఆలోచించి, "రోజూ కష్టపడి తెచ్చిపెట్టే చేతులు ఎవరివో వాడు" అన్నాడు, కిరాణా మనిషి కదా. దాదీమా మాత్రం దిల్ ఎటుంటే మొగుడూ అటే అంది. కితాబ్‌లో రాజు తల వైపే తీర్పు చెప్తాడు. శరీరంలో తలే సర్దార్ అని. దాదీమాకు ఆ సంగతి తెలుసు, ఒప్పుకోలేదు. ఇదే కథ పట్టుకుని జర్మన్ రచయిత థామస్ మాన్ 1940లో ఒక చిన్న నవల రాశాడని, 1971లో గిరీష్ కర్నాడ్ 'హయవదన' నాటకం రాశాడని డిగ్రీలో తెలిసినప్పుడు నాకు మా ఇంటి వసారాయే యాదొచ్చింది. వాళ్లకూ రాజు జవాబుతో పొద్దుపోలేదన్నమాట.

ఇక టీవీ. రామానంద్ సాగర్ సంస్థ తీసిన 'విక్రమ్ ఔర్ బేతాల్' 1985లో దూరదర్శన్‌లో వచ్చింది. మా ఊళ్లో నేను చూసింది తర్వాత మళ్లీ వేసినప్పుడు. ఊళ్లో కాస్త ఉన్నవాళ్ల ఇంట్లో టీవీ, డాబా మీద వెదురు గడకు కట్టిన యాంటెనా. వరండా నిండా జనం. బేతాళుడు వస్తున్నాడని తెలిసి మూడు రోజులు నాకు నిద్రలేదు. అందులోనూ హిందీలో! అంటే సగం సగం చదువుకోవక్కర్లేదు, మొత్తం మన జబాన్‌లోనే వింటాను. ఏ పేజీ చిరగదు. జవాబులన్నీ దొరుకుతాయి.

తెర మీద అరుణ్ గోవిల్ వచ్చాడు. వరండాలో ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఎందుకు పెట్టదు? 'రామాయణ్'లో రాముడు ఆయనే. ఆ సీరియల్ 1987లో మొదలై అప్పటికే ఇంటింటి దేవుడయిపోయాడు. నిజానికి విక్రమ్ వేషమే ముందు వేశాడు. మాకు మాత్రం వెనకది ముందు అందింది. రాముడి భుజం మీద శవం ఉంటే ఎవరికి భయం? రాముడికి ఏమవుతుంది? శంకర్ బొమ్మలో రాజు ముఖం బిగుసుకుని ఉంటుంది. ఈ అడుగు పడుతుందో లేదో అన్నట్టు. తెర మీద మాకు తెలిసిన ప్రశాంతమైన ముఖం. ఇంకొన్ని వారాలకు ఆ కథల్లో దీపికా, సునీల్ లహరీ కూడా కనబడ్డారు. వరండా అంతా సీతమ్మ, లక్ష్మన్న అంటూ సంబరం.

బేతాళుడు వచ్చాడు. పాతతరం హిందీ నటుడు సజ్జన్ వేశాడు ఆ వేషం. తెల్లటి పొడుగు జుట్టు, పూసిన ముఖం, విరగబడి నవ్వడం, గాలిలో ఎగరడం. మంచి నటుడే. ఆ రోజుల్లో టీవీలో అన్ని ట్రిక్కులు చెయ్యడం చిన్నపని కాదు, అదీ ఒప్పుకోవాలి. కానీ వరండాలో పిల్లలందరూ పకపకా నవ్వారు. నేను తప్ప.

అసలు నాకు నవ్వడానికి తీరిక దొరికితే కదా! "ఒరే సాయిబుల పిల్లోడా, ఏమంటన్నాడురా?" అని వెనక నుంచి ఒకరు. "చెప్పరా, నీకు తెలుసుగా." ఉర్దూ బడి వాణ్ణి అని ఊరందరికీ తెలుసు. బేతాళుడు ఒక మాట అంటాడు, నేను తెలుగు చేస్తాను, ఈలోపు అతను రెండు మాటలు ముందుకు పోతాడు. ఇంట్లో మేం మాట్లాడే దక్కనీ వేరు, బడి ఉర్దూ వేరు, ఈ రాజుల కొలువు హిందీ ఇంకో తీరు. అయినా అందింది అందినట్టు తర్జుమా చేశా. నాకు తెలిసిన దయ్యాల తెలుగు ఒక్కటే, రద్దీలో చదివింది. శవం, శ్మశానం, శపథం, అన్నీ అక్కడివే. చివర్లో రాజు నోరు తెరవగానే "రాజుకు మౌనభంగం అయ్యింది" అన్నాను. పక్కన కుర్చీలో కూర్చున్న తెలుగు మాస్టారు టీవీ వదిలి నా వైపు తిరిగారు.

"ఎక్కడ నేర్చుకున్నావురా ఆ మాట?"

"పొట్లాల్లో సార్" అన్నా.

రెండో వారం నుంచి నన్ను టీవీ పక్కన, జనం వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టారు. తెర నాకు సగమే కనబడేది. వినబడింది చెప్పేవాణ్ణి, కనబడనిది శంకర్ బొమ్మల్లోంచి చెప్పేవాణ్ణి. పుర్రెలు, పాములు, చెట్ల చేతులు, అన్నీ. చిన్నపిల్లలు కొందరు తెర వదిలి నా ముఖం చూసేవాళ్లు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా. టీవీవాళ్లకు దక్కని కామయాబీ అది.

ఎందుకు భయపెట్టలేకపోయిందా సీరియల్? ఈమధ్య యూట్యూబ్‌లో మళ్లీ చూశాను. నటులను గానీ సెట్లను గానీ అనడానికి నాకు మనసొప్పలేదు. గొడవ వేరే చోట ఉంది. అందులో అంతా వెలుగే. అన్నీ చూపిస్తారు, అన్నీ చెప్తారు, సవాల్ పడిన మరుక్షణం జవాబ్ సిద్ధం. బేతాళ కథకు ప్రాణం ఆ రెంటి మధ్య ఉండే ఖామోషీ. రాజు నోరు మెదిపితే పని చెడుతుంది, మెదపకపోతే తల పోతుంది. ఆ కాసేపట్లో అతని లోపల ఏం జరుగుతుంది? చందమామలో అది పేజీ తిప్పడానికి పట్టే టైము. నాకైతే చిరిగిన పేజీ పుణ్యాన నెలల తరబడి టైము. టీవీలో ఆ ఖాళీని సంగీతంతో నింపేశారు.

ఇంకొకటి. మూలకథ ఆఖర్న ఒక గొప్ప మలుపు ఉంది. శవాన్ని తెమ్మన్న భిక్షువే రాజును బలివ్వాలని చూస్తుంటాడు. ఆ సాజిష్ చెప్పి రాజు ప్రాణం కాపాడేది బేతాళుడే. అన్ని రాత్రులూ సవాళ్లేసి సతాయించిన ముర్దా దోస్తు, దండం పెట్టి సాయమడిగిన జిందా దుష్మన్. మొదటి వారమే బేతాళుణ్ణి నవ్వుల తాతయ్యను చేస్తే ఆ మలుపులో ఏం మిగులుతుంది? భయపడినవాడికే ఆ దోస్తీ విలువ తెలుస్తుంది.

చందమామ చేసిన పని ఇంకా చిత్రమైనది. మూలంలో ఉన్నవి 25 కథలు. 11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలో సోమదేవుడు చెప్పినవి. అవి అయిపోయినా చందమామ ఆగలేదు. వేరే కథలను, కొత్త కథలను అదే చట్రంలోకి తెచ్చి, శవాన్ని దించనివ్వకుండా రాజును అర్ధ శతాబ్దం పైగా నడిపించింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను వెనకుండి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు దయ్యాలను నమ్మే మనిషి కాదు. బహుశా అందుకేనేమో, ఆయన హయాంలో దయ్యం అడిగేవన్నీ ఇన్సాఫ్ గురించిన సవాళ్లే. ఎవరిది త్యాగం, ఎవరిది నేరం, ఎవరికి హక్కు. నేను రిపోర్టర్‌నయ్యాక పోలీస్ స్టేషన్ల ముందు, ఎమ్మార్వో ఆఫీసుల ముందు కూర్చుని విన్నవీ ఇవే. అడవి పక్క ఊళ్లలో భూమి ఎవరిదన్న సవాల్‌కు జవాబు తెలిసీ నోరు మెదపని పెద్దమనుషులను చాలామందిని చూశాను. ఎవరి తలా పగల్లేదు.

దాదీమా సంగతి చెప్తానన్నా కదా. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక, ఒక సెలవుల్లో ఉర్దూ అదబ్ చరిత్ర తిరగేస్తుంటే ఫోర్ట్ విలియం కాలేజీ అధ్యాయంలో దొరికింది. మీర్ అమ్మన్ 'బాగ్-ఓ-బహార్' రాసిన కలకత్తా కాలేజీయే. అక్కడ మజ్హర్ అలీ ఖాన్ విలా, లల్లూ లాల్ కలిసి 'బైతాల్ పచ్చీసీ'ని బ్రజ్ భాషలోంచి హిందుస్తానీలోకి తెచ్చారు. 1805లో అచ్చయింది. ఒక ముసల్మాన్, ఒక బ్రాహ్మణుడు, ఒక దయ్యం. ఆ కితాబ్‌ను ఇప్పుడు హిందీవాళ్లు మాదంటారు, ఉర్దూవాళ్లు మాదంటారు. తల ఎవరిదో మొండెం ఎవరిదో తేల్చమంటే విక్రమార్కుడు కూడా చెట్టెక్కి కూర్చుంటాడు. దాదీమా అన్నది నిజమే, అది మా ఇంటి ఖిస్సాయే. నేననుకున్నదీ నిజమే. నాకు అది తెలుగులోనే పట్టుబడింది. టీవీలో మన జబాన్‌లో వస్తే ఇంకా దగ్గరవుతుందనుకున్నా గానీ, మాట మాటా అర్థమయ్యేసరికి దాని మీద చీకటి పోయింది. నాకు ఖౌఫ్ నేర్పింది తెలుగు. ఇది చెప్తే మా ఉర్దూ దోస్తులు నారాజ్ అవుతారు, తెలుగు దోస్తులు నవ్వుతారు.

చందమామ చేతులు మారింది, ఆగి ఆగి నడిచింది, చివరికి 2013 ప్రాంతంలో పూర్తిగా ఆగిపోయింది. శంకర్ గారు 2020 సెప్టెంబర్‌లో వెళ్లిపోయారు. తొంభై ఏళ్లు దాటిన మనిషి. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది, ఆయన లేకుండా. ఆయన పోయిన రోజు నా ఫోన్‌లో అందరూ ఒకే బొమ్మ పంపుకున్నారు. కత్తి, భుజం, శవం. సీరియల్‌లోని ఒక్క ఫోటో కూడా ఎవరూ పంపలేదు.

పాత చందమామలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. కొన్ని కథలకు ఆఖరి పేజీలు వెతికి చదివాను. రాజు జవాబులు బాగానే ఉన్నాయి. ఒకటి రెండు చోట్ల మా దాదీమా అయితే ఒప్పుకునేది కాదు.

ఆమె పోయింది రంజాన్‌కు ముందు నెలలో. జనాజా ఇంటి నుంచి ఖబ్రస్తాన్‌కు బయల్దేరేసరికి అసర్ దాటింది. నా భుజానికి దాకా వచ్చింది, ముందు ఎడమ వైపు కొమ్ము. బరువు పెద్దగా లేదు, చివర్లో చాలా చిక్కిపోయింది. వెనక జనం మెల్లగా కలిమా చదువుతున్నారు. నేను పెదవులు బిగించి నడుస్తున్నా. పదిహేను అడుగులు వేశానో లేదో ఎవరో వచ్చి, "భాయ్, ఇలా ఇవ్వు" అని నా భుజం కింద భుజం పెట్టారు.